మంచి బ్యాక్టీరియా... మందయ్యేది ఎప్పుడు?

పెరుగు ప్రకటనల్లో అదే మాట. మందుల దుకాణంలో క్యాప్సూళ్ల అట్టమీదా అదే మాట. పిల్లలకిచ్చే పొడుల మీదా, చిన్న చిన్న సీసాల్లో అమ్మే పానీయాల మీదా అదే... ప్రోబయోటిక్స్! విరేచనాలైనా, గ్యాస్ పట్టేసినా, యాంటీబయోటిక్స్ వాడినా 'పనిలో పని ఇవీ వేసుకోండి' అనడం మామూలైపోయింది. ఇంతకీ ఈ సూక్ష్మజీవులు నిజంగానే మేలు చేస్తాయా? చేస్తే ఎవరికి, ఏ జబ్బుకి? డబ్బు పెట్టి కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులివి.

ఒడిశాలో 149 పల్లెలు. అప్పుడే పుట్టి తల్లిపాలు తాగుతున్న 4,556 మంది పసికందులు. వాళ్లలో సగం మందికి వారంపాటు రోజుకోసారి ఓ మందు నోట్లో వేశారు. అందులో ఉన్నవి రెండే... లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియా, దానికి ఆహారంగా పనికొచ్చే ఓ రకం పీచు. మిగతా సగం మందికి ఏ మందూ లేని ఉత్తి పొడి. 60 రోజులపాటు ఆ పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నారు.

ఉత్తి పొడి తీసుకున్న పిల్లల్లో నూటికి 9 మంది సెప్సిస్ బారినపడటమో, చనిపోవడమో జరిగింది. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావడం. నవజాత శిశువుల పాలిట యమగండం. బ్యాక్టీరియా అందుకున్న పిల్లల్లో ఆ సంఖ్య నూటికి 5.4 మాత్రమే. అంటే ముప్పు 40 శాతం తగ్గిపోయింది! ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు కూడా తగ్గాయి. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం చేసిన ఈ అధ్యయనం 2017లో 'నేచర్' పత్రికలో వచ్చింది. ఖరీదైన పరికరాలు లేవు, ఆసుపత్రి పడకలు లేవు. వారం రోజుల బ్యాక్టీరియా... అంతే!

ఇది చదివి 'ఆహా' అనుకునేలోపు ఇంకో కథ కూడా వినాలి.

ఇది నెదర్లాండ్స్‌లో జరిగింది. క్లోమగ్రంథి వాచిపోయి ఆసుపత్రుల్లో చేరిన రోగులు వాళ్లు. జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఉన్నవాళ్లు. పేగుల్లోంచి చెడ్డ బ్యాక్టీరియా బయటికి పాకకుండా ఆపుదామని 152 మందికి ఆరు రకాల మంచి బ్యాక్టీరియాను కలిపి ఇచ్చారు. మరో 144 మందికి ఉత్తుత్తి మందు. ఫలితం చూసి డాక్టర్లే నిర్ఘాంతపోయారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 9 మంది చనిపోతే, ప్రోబయోటిక్స్ తీసుకున్నవారిలో 24 మంది చనిపోయారు. తొమ్మిదిమందికి పేగులకు రక్తప్రసారం దెబ్బతింది. రెండో బృందంలో ఒక్కరికీ అలా జరగలేదు. 2008లో 'లాన్సెట్'లో ఈ సంగతి ప్రచురితమయ్యాక 'బ్యాక్టీరియాయే కదా, ఏం చేస్తుందిలే' అన్న ధీమా సడలిపోయింది.

అక్కడ ప్రాణం నిలబెట్టిందీ, ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చిందీ ప్రోబయోటిక్సే. తేడా ఎక్కడుంది? ఏ బ్యాక్టీరియా, ఎవరికి, ఏ సమస్యకి, ఎప్పుడు... ఈ నాలుగు ప్రశ్నల్లోనే ఉంది!

ఒంటినిండా ఊరు!

మన ఒంట్లో ఉన్న కణాలు సుమారు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు! 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఇది. సంఖ్యలో మనకన్నా ఎక్కువే అయినా అన్నీ కలిపి తూచితే 200 గ్రాములకు మించవట. వాటిలో అత్యధికం కాపురముండేది పెద్దపేగులో. మనం అరిగించుకోలేని పీచును అవి తింటాయి. బదులుగా బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరకు ప్రధాన ఆహారం ఆ బ్యూటిరేటే. మనం వాటిని పోషిస్తాం, అవి మనల్ని పోషిస్తాయి.

ఈ కాపురం పుట్టిన రోజునే మొదలవుతుంది. తల్లిపాలలో కొన్ని రకాల చక్కెరలుంటాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేదు. మరి ఎందుకున్నట్లు? బిడ్డ పేగుల్లోని బిఫిడోబ్యాక్టీరియా కోసం! అంటే ప్రకృతి తల్లిపాలలో బిడ్డకు భోజనమూ పెట్టింది, బిడ్డ పేగుల్లోని నేస్తాలకు ఫలహారమూ పెట్టింది. ఆ బ్యాక్టీరియాను 1899లో పారిస్‌లో హెన్రీ టిస్సియర్ మొదటిసారి గుర్తించింది కూడా తల్లిపాలు తాగే పిల్లల్లోనే.

బయటినుంచి మనం తీసుకునే ప్రోబయోటిక్ ఈ ఊళ్లో చేసేదేమిటి? ఒకటి, చోటు ఆక్రమించడం. బస్సు సీట్లో తువ్వాలు వేసినట్లన్నమాట. చెడ్డ బ్యాక్టీరియా వచ్చేసరికి సీటు ఖాళీ ఉండదు. రెండు, ఆమ్లాలు తయారుచేసి శత్రువులు పెరగలేని వాతావరణం సృష్టించడం. మూడు, పేగుల చుట్టూ కాపలా కాసే రోగనిరోధక కణాలకు తర్ఫీదునివ్వడం. అయితే వీటిలో చాలావరకు చుట్టపుచూపుగా వచ్చేవే. తీసుకోవడం ఆపేస్తే కొద్దిరోజుల్లో వెళ్లిపోతాయి.

జబ్బు పడనివాళ్లే చూపించారు

పెరుగుకీ ఆరోగ్యానికీ ముడిపెట్టి ప్రపంచాన్ని ఊపేసినవాడు ఇలియా మెచ్నికాఫ్. నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఈ శాస్త్రవేత్తకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. అది రోగనిరోధక శక్తిమీద చేసిన పరిశోధనకు. పుల్లటి పాలు తాగే బల్గేరియా పల్లె జనం ఎక్కువకాలం బతుకుతున్నారని ఆయన నమ్మాడు. ఆయుష్షు సంగతి రుజువు కాలేదు కానీ, బ్యాక్టీరియాలోనూ మంచివి ఉంటాయన్న ఆలోచన మాత్రం పాతుకుపోయింది.

ఆ తర్వాతి కథలు ఇంకా ఆసక్తికరం. మొదటి ప్రపంచయుద్ధంలో తోటి సైనికులంతా రక్తవిరేచనాలతో మంచాన పడితే ఒక సైనికుడికి మాత్రం ఏమీ కాలేదు. ఆల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ వైద్యుడు 1917లో అతని మలంలోంచి ఓ ఈ-కోలై రకాన్ని వేరుచేశాడు. అది ఇప్పటికీ 'నిస్లే 1917' పేరుతో వాడుకలో ఉంది. 1920ల్లో ఇండో-చైనాలో కలరా ప్రబలినప్పుడు లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కలు కాచి తాగినవాళ్లు తేరుకోవడం హెన్రీ బౌలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గమనించాడు. ఆ తొక్కల మీది ఈస్టే నేడు విరేచనాలకు డాక్టర్లు రాసే 'శాకరోమైసిస్ బౌలార్డీ'. ఇక జపాన్‌లో మినోరు షిరోటా 1930లో వేరుచేసిన బ్యాక్టీరియాతో 1935లో యాకుల్ట్ పానీయం బజారులోకొచ్చింది.

బంగినపల్లితో ఆవకాయ పెడతామా?

ప్రోబయోటిక్ అంటే ఏమిటో 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నిర్వచించాయి. సూక్ష్మజీవులు బతికి ఉండాలి, తగిన మోతాదులో ఉండాలి, ఆరోగ్యానికి మేలు చేయాలి. ఈ మూడో షరతు దగ్గరే అసలు చిక్కు. మేలు జరిగిందని మనుషుల్లో రుజువు కావాలి. అదీ ఫలానా స్ట్రెయిన్‌తో అని!

స్ట్రెయిన్ అంటే... మామిడిని తీసుకోండి. అన్నీ మామిడిపండ్లే. కానీ బంగినపల్లి వేరు, రసం వేరు, తోతాపురి వేరు. ఆవకాయకు పుల్లటి కాయే కావాలి. మామిడే కదా అని బంగినపల్లి పండు ముక్కలు కోసి కారం కలిపితే ఏమవుతుందో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. బ్యాక్టీరియా సంగతీ అంతే. 'లాక్టోబాసిల్లస్' అనేది ఇంటిపేరు లాంటిది. 2020లో శాస్త్రవేత్తలు ఆ ఒక్క కుటుంబాన్నే విడగొట్టి పాతిక కుటుంబాలు చేశారు! పేరు చివర వచ్చే జీజీ, షిరోటా లాంటి గుర్తులే అసలు చిరునామా. ఒక స్ట్రెయిన్‌తో వచ్చిన ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టడం కుదరదు.

ఎక్కడ పనిచేశాయి?

యాంటీబయోటిక్ విరేచనాలు: మందు చెడ్డ క్రిముల్ని చంపుతూ మంచివాటినీ తుడిచిపెట్టేస్తుంది. దాంతో కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. 63 అధ్యయనాల్లో పాల్గొన్న 11,811 మంది వివరాలను 2012లో కలిపి చూస్తే, ప్రోబయోటిక్స్ తీసుకున్నవారిలో ఈ ముప్పు 42 శాతం తక్కువ. పిల్లల విషయంలో 'రామ్నోసస్ జీజీ', 'బౌలార్డీ'... ఈ రెండింటికే ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం ఓటేసింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు: వీళ్లలో పేగు కుళ్లిపోయే ప్రమాదకరమైన జబ్బును కొన్ని స్ట్రెయిన్లు తగ్గిస్తున్నాయి. 32 వారాలలోపే పుట్టి తల్లిపాలు తాగే పిల్లలకు వీటి వాడకాన్ని పరిశీలించవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అయితే 2023లో అమెరికాలో ఇలాంటి ఓ శిశువు, ప్రోబయోటిక్‌గా ఇచ్చిన బ్యాక్టీరియాయే రక్తంలో చేరి చనిపోవడంతో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది. కాబట్టి ఇది పూర్తిగా ఆసుపత్రిలో నిపుణులు తేల్చాల్సిన విషయం. ఇంట్లో సొంతంగా పోసేది కాదు.

విరేచనాలు రాకుండా: కోల్‌కతాలోని మురికివాడల్లో ఒకటి నుంచి అయిదేళ్ల వయసున్న 3,758 మంది పిల్లలపై జాతీయ కలరా పరిశోధన సంస్థ అధ్యయనం చేసింది. 12 వారాలు షిరోటా రకం బ్యాక్టీరియా ఉన్న పానీయం ఇస్తే విరేచనాల బెడద 14 శాతం తగ్గింది. మేలే. కానీ మంచి నీళ్లు, మరుగుదొడ్లు, చేతులు కడుక్కోవడం చేసే మేలు ముందు ఇది చిన్నదే.

పాలు పడనివాళ్లు: పాలు తాగితే కడుపుబ్బరం వచ్చేవారికి పెరుగు హాయిగా అరుగుతుంది. పాలలోని లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమును పెరుగులోని బ్యాక్టీరియాయే మోసుకొస్తుంది మరి. ప్రోబయోటిక్స్ గురించి కంపెనీలు చెప్పుకున్న గొప్పల్లో చాలావాటిని తోసిపుచ్చిన ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో దీన్ని ఒప్పుకుంది.

ఎక్కడ చేతులెత్తేశాయి?

పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాక: అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది పిల్లలపై చేసిన రెండు పెద్ద అధ్యయనాలు 2018లో వెలువడ్డాయి. అయిదు రోజులు ప్రోబయోటిక్ ఇచ్చినా, ఉత్తుత్తి పొడి ఇచ్చినా ఒకటే. తేడా లేదు! కాబట్టి బిడ్డకు విరేచనాలైతే మొదట గుర్తుకురావాల్సింది ఓఆర్ఎస్. ఆ తర్వాత డాక్టరు చెప్పిన మోతాదులో జింక్. తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్ఎస్ కలపడం మానేసి ప్రోబయోటిక్ పొట్లం కోసం పరుగెత్తడం ప్రమాదం.

ఐబీఎస్: పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి. కడుపునొప్పి, ఉబ్బరం, ఓరోజు విరేచనం, ఓరోజు మలబద్ధకం మాత్రం వదలవు. ఈ సమస్యకి ఏ స్ట్రెయిన్ వాడాలో కచ్చితంగా తేలలేదు. ప్రయత్నించి చూడాలనుకుంటే 12 వారాలవరకు చూడండి, గుణం కనిపించకపోతే ఆపేయండి అని బ్రిటన్ జీర్ణకోశ నిపుణులు 2021లో సూచించారు. ఏళ్ల తరబడి మింగుతూ పోవడంలో అర్థం లేదు.

క్రోన్స్, అల్సరేటివ్ కోలైటిస్: పేగులు పుండ్లు పడే ఈ జబ్బుల్లో పరిశోధనల్లో భాగంగా తప్ప ప్రోబయోటిక్స్ వద్దని అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో చెప్పింది. వీటిని నమ్ముకుని అసలు మందులు మానేస్తే జబ్బు ముదురుతుంది.

ఆరోగ్యవంతులు 'దేనికైనా మంచిదని' వేసుకోవడం: ఇక్కడా ఓ ఆశ్చర్యం ఉంది. ఇజ్రాయెల్‌లో ఓ చిన్న అధ్యయనంలో యాంటీబయోటిక్స్ వాడిన కొందరికి 11 రకాల బ్యాక్టీరియా ఇచ్చారు. ఏమీ తీసుకోనివాళ్ల పేగుల్లో సొంత బ్యాక్టీరియా మూడు వారాల్లోనే చాలావరకు తిరిగొచ్చింది. ప్రోబయోటిక్స్ తీసుకున్నవాళ్లలో నెలలు గడిచినా పూర్తిగా రాలేదు! అతిథులొచ్చి ఇంటివాళ్లను గుమ్మం బయట నిలబెట్టినట్లయింది. అంటే యాంటీబయోటిక్ విరేచనాలు ఆగొచ్చు, మరోపక్క సొంత కాపురం కుదురుకోవడం ఆలస్యమూ కావచ్చు. అందుకే అవసరం ఎంతో తూకం వేసుకోవాలి.

వంటింట్లో ఏమున్నాయి?

పెరుగు: ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో బతికున్న బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. అయితే ఏ రకం ఎంత ఉందన్నది ఇంటింటికీ, తోడు తోడుకీ మారిపోతుంది. అందుకని దాన్ని ఫలానా జబ్బుకి మందు అనలేం. మంచి ఆహారం అనొచ్చు. ప్రొటీన్, క్యాల్షియం, తేలికైన అరుగుదల... ఇన్ని లాభాలుండగా ఇంకా బిరుదులెందుకు?

మజ్జిగ పులుసు: పొయ్యిమీద మరిగిందంటే బ్యాక్టీరియా చచ్చిపోయినట్లే. రుచి కోసం తినాలి. బ్యాక్టీరియా కావాలంటే పచ్చి మజ్జిగే తాగాలి.

ఇడ్లీ, దోసె: పిండి పొంగేది బ్యాక్టీరియా, ఈస్టుల వల్లే. ఆవిరి తగలగానే వాటి కథ ముగుస్తుంది. అయితేనేం... అవి చేసిన పని మిగిలే ఉంటుంది. పులిసిన పిండి తేలిగ్గా అరుగుతుంది.

చద్దన్నం, తరవాణి: రాత్రంతా నీళ్లలో నానిన అన్నం పులిసేది లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతోనే. కానీ వేసవిలో బయట వదిలేసిన అన్నంలో హాని చేసేవీ పెరుగుతాయి. శుభ్రమైన గిన్నె, కాచి చల్లార్చిన నీళ్లు వాడాలి. పొద్దున్నే తినేయాలి. పసిపిల్లలకూ, జబ్బుతో నీరసించినవారికీ పెట్టకపోవడమే మేలు.

ఆవకాయ: ఉప్పు, కారం, ఆవపిండి, నూనె... ఇన్ని కాపలాదారుల మధ్య బ్యాక్టీరియా పెరగడం కష్టం. అది నిలవ ఉండటానికి కారణమే అది! కాబట్టి ప్రోబయోటిక్ పేరు చెప్పి ఇంకో ముద్ద కలుపుకోవడానికి వీల్లేదు. బీపీ ఉన్నవాళ్లు మరీనూ.

ఇక ఉన్న నేస్తాలకు తిండి పెట్టడం కూడా ముఖ్యమే. రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, ఉల్లి, వెల్లుల్లి, అరటిపండు... వీటిలోని పీచే వాటి భోజనం. పెరుగులాంటి పులిసిన పదార్థాలను పది వారాలు బాగా తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగిందనీ, వాపును సూచించే ప్రొటీన్లు తగ్గాయనీ 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందిపై చేసిన అధ్యయనంలో తేలింది. మందుకాదు, ఆహారమే!

సుబ్బారావుగారి పేగు కథ

పేగు జబ్బు ఎంత పని చేస్తుందో తెలుగువాళ్లకు చెప్పాలంటే ఒక్క పేరు చాలు... యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు సోదరుల్ని స్ప్రూ పొట్టన పెట్టుకుంది. మన పెద్దలు సంగ్రహణి అనే జబ్బు ఇది. తిన్నది ఒంటబట్టకుండా విరేచనాలై మనిషి చిక్కి శల్యమైపోతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు వస్తే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారని చెబుతారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ సాధ్యమైంది. 1948లో లోకానికి తెలిసిన ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి యాంటీబయోటిక్, వెలువడింది కూడా అక్కడినుంచే.

విచిత్రం ఏమిటంటే ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూకి ఇప్పటికీ వాడే మందులు... ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్! చిన్నపేగులో చేరకూడని బ్యాక్టీరియా పెరగడానికీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని భావిస్తున్నారు. అవసరమైనచోట యాంటీబయోటిక్ ప్రాణదాతే. జలుబుకీ, దగ్గుకీ అడక్కుండా మింగితేనే పేగుల్లోని ఊరు ఖాళీ అవుతుంది.

కొనేముందు...

* పేరు పూర్తిగా ఉందా? ఇంటిపేరు, రకం, చివర స్ట్రెయిన్ గుర్తు... మూడూ ఉండాలి. 'మంచి బ్యాక్టీరియా ఉంది' అని మాత్రమే ఉంటే నమ్మడానికి ఆధారం లేనట్లే.

* బతికున్న బ్యాక్టీరియా సంఖ్య చూడాలి. మనదేశంలో ఆహారంలో కలిపే ప్రోబయోటిక్స్ రోజు మోతాదులో కనీసం పది కోట్లు ఉండాలన్నది ఆహార భద్రతా సంస్థ నిబంధన. తయారైన రోజున ఎన్ని ఉన్నాయన్నదానికన్నా గడువు తేదీ వరకు ఎన్ని ఉంటాయన్నది ముఖ్యం.

* ఫ్రిజ్‌లో పెట్టమని రాసి ఉంటే దుకాణంలో ఎక్కడ పెట్టారో గమనించండి. మండుటెండలో అద్దాల బీరువాలో ఉన్నదాంట్లో బతికున్నవెన్నో ఎవరు చెప్పగలరు?

* తీయటి పానీయాలైతే చక్కెర ఎంతుందో చూడాలి. మధుమేహం ఉన్నవాళ్లు తప్పనిసరిగా.

* యాంటీబయోటిక్‌తోపాటే వాడమంటే రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. బౌలార్డీ ఈస్టు కాబట్టి దానికి యాంటీబయోటిక్స్‌తో ఇబ్బంది లేదు. ఫంగస్ మందులు వాడేవాళ్లకు మాత్రం అది పనిచేయదు.

* కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం పెట్టించుకున్నవారు, ఐసీయూలో ఉన్నవారు... వీళ్లెవరికీ డాక్టరు చెప్పకుండా ఇవ్వకూడదు.

* మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, నిద్రలోంచి లేచి మరీ విరేచనానికి పరుగెత్తాల్సి వస్తున్నా, యాభై దాటాక అలవాటు మారినా... ప్రోబయోటిక్‌తో కాలక్షేపం వద్దు. వెంటనే పరీక్షలు చేయించుకోవాలి.

బ్యాక్టీరియాకు నిజంగానే శక్తి ఉంది. ఏ మందుకూ లొంగకుండా పదేపదే తిరగబెట్టే సి-డిఫిసిల్ విరేచనాలను ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించి నయం చేస్తున్నారు. నెదర్లాండ్స్‌లో 2013లో 16 మందికి ఇలా చేస్తే 13 మంది తొలి విడతకే కోలుకున్నారు. అలాంటి మందులకు అమెరికాలో 2022, 2023ల్లో అనుమతి కూడా వచ్చింది. ఒకటో రెండో బ్యాక్టీరియాలు చేయలేని పనిని ఊరు ఊరంతా కలిసి చేసిందన్నమాట.

శక్తి ఉన్నదేదైనా అంతే... సరైన చోట వాడితే సాయం, కానిచోట వాడితే అపాయం. జబ్బుకైతే ఏ స్ట్రెయిన్, ఎన్నాళ్లు, ఎందుకని డాక్టర్ని అడుగుదాం. జబ్బు లేనివాళ్లకు... భోజనం చివర గిన్నెడు పెరుగన్నం ఎలాగూ ఉండనే ఉంది!